తీర్పు ఒకరిది, ఖర్చు ఎవరిది? - న్యాయస్థానాలు, పన్నులు, అల్పసంఖ్యాకుల హక్కులు

(ప్రసంగ పాఠం)



అల్పసంఖ్యాకుల హక్కుల సభ అనగానే రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూముల ఆక్రమణలు చర్చకు వస్తాయి. అవన్నీ అవసరమైనవే. అయితే ఈ రోజు మేము పైకి ఎండుగా కనిపించే ఒక ప్రశ్నను మీ ముందుంచదలిచాము. ఒక ప్రభుత్వం తన పౌరుల హక్కును కాలరాసిందని న్యాయస్థానం తేల్చింది. ఆ తప్పును సరిదిద్దడానికి డబ్బు కావాలి. ప్రభుత్వం మా దగ్గర లేదంటుంది. అప్పుడు న్యాయస్థానం ‘పన్ను పెంచి అయినా ఇవ్వండి’ అని ఆజ్ఞాపించవచ్చునా?

అమెరికాలో ఈ ప్రశ్న మీద పెద్ద వివాదమే నడిచింది. రాష్ట్రాల మీద, స్థానిక సంస్థల మీద పన్ను విధించమనే అధికారం న్యాయమూర్తులకు ఉండరాదని రాజ్యాంగాన్నే సవరించాలన్న ఉద్యమం అక్కడ లేచింది. ఆ వివాదం పుట్టినది నల్లజాతి పిల్లల బడుల గురించి. కాబట్టి అది పరాయి దేశపు పన్నుల గొడవ అని మనం పక్కన పెట్టలేము.

ముందుగా వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ కథ చెప్పుకోవాలి. నల్లజాతి, తెల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో కలిసిన ఐదు వ్యాజ్యాలలో ఒకటి ఈ కౌంటీ నుంచి వచ్చినదే. 1951లో అక్కడి విద్యార్థులే శిథిలమైన తమ బడి నుంచి బయటకు వచ్చి సమ్మె చేశారు. తీర్పు వచ్చింది. దానిని అమలు చేయక తప్పని పరిస్థితి 1959లో ఎదురయ్యేసరికి కౌంటీ పాలకులు ఒక ఉపాయం పన్నారు. పిల్లలను కలిపి కూర్చోబెట్టే బదులు బడులన్నిటినీ మూసివేశారు. ప్రభుత్వ బడులకు పన్ను వసూలు చేయడమే మానుకున్నారు. తెల్లవారి పిల్లలకు ప్రైవేటు బడి వెలిసింది. దానికి ప్రభుత్వ గ్రాంట్లు, పన్ను రాయితీలు అందాయి. నల్ల పిల్లలు ఏళ్ల తరబడి బడి ముఖం చూడలేదు. కొందరిని తల్లిదండ్రులు బంధువుల ఇళ్లకు పంపి చదివించుకున్నారు. అనేకులకు చదువే ఆగిపోయింది.

1964లో గ్రిఫిన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ ఉపాయానికి తెరదించింది. అవసరమైతే కౌంటీ పాలకులను తమకున్న పన్ను విధింపు అధికారాన్ని వినియోగించి బడులు తెరవమని కింది కోర్టు ఆదేశించవచ్చునని చెప్పింది. పన్ను వేయకపోవడం కూడా ఒక ఆయుధం కాగలదని ఆ న్యాయమూర్తులు గుర్తించారు. ఇది మనం మరిచిపోరాని సంగతి. వివక్ష అన్ని వేళలా లాఠీ పట్టుకొని రాదు. కొన్ని వేళల్లో అది ‘నిధులు లేవు’ అనే రెండు మాటల రూపంలో వస్తుంది.

ఇక మిస్సోరి రాష్ట్రంలోని కేన్సస్ సిటీ. 1954కు ముందు అక్కడ నల్ల పిల్లలకు వేరు బడులు ఉండాలని చట్టమే చెప్పేది. చట్టం పోయినా ఆ విభజన ఫలితం పోలేదు. తెల్ల కుటుంబాలు శివారు ప్రాంతాలకు తరలిపోయాయి. 1980ల నడిమికి నగర పాఠశాల జిల్లాలో నల్లజాతి విద్యార్థులు దాదాపు 68 శాతం. ఓటర్లలో మాత్రం తెల్లవారే అధికం. అంటే బడిలో కూర్చునే పిల్లలు ఒకరివారు, బడికి పన్ను ఇవ్వాలా వద్దా అని ఓటు వేసేవారు మరొకరు. అక్కడి బడులు ప్రధానంగా ఇళ్ల మీద, స్థలాల మీద వేసే ఆస్తి పన్నుతో నడుస్తాయి. దానిని పెంచాలంటే ఓటర్ల అనుమతి కావాలి. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం మదింపు విలువలో ప్రతి 100 డాలర్లకు 1.25 డాలర్లు దాటితే సగానికి పైగా, 3.75 డాలర్లు దాటితే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 1969 తరువాత అక్కడి ఓటర్లు పెంపునకు ఒప్పుకోలేదు. పైకప్పులు కారాయి, గోడలు పెచ్చులూడాయి. సర్కారీ బడిలో పిల్లలను చదివించిన వారికి ఆ దృశ్యాన్ని వర్ణించి చెప్పనవసరం లేదు.

1977లో వ్యాజ్యం దాఖలైంది. వేర్పాటు మిగిల్చిన ఫలితాలకు రాష్ట్రమూ, పాఠశాల జిల్లా కూడా బాధ్యులేనని 1984లో ఫెడరల్ న్యాయమూర్తి రస్సెల్ క్లార్క్ తేల్చారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఖర్చు ఇద్దరి మీదా పడింది. అయితే శివారు జిల్లాల మీద ఆరోపణలు నిలవలేదు. తప్పు చేయని జిల్లాను పరిష్కారంలోకి లాగరాదని 1974లోనే సుప్రీంకోర్టు డిట్రాయిట్ వ్యాజ్యంలో చెప్పి ఉన్నది. కాబట్టి తెల్ల పిల్లలను బలవంతాన నగర బడులకు తేలేరు. ఇష్టపడి రావాలంటే బడి అంత గొప్పగా ఉండాలి. ఆ ఆలోచనతోనే అయస్కాంతం అనే అర్థంలో ‘మాగ్నెట్’ బడుల ప్రణాళిక వచ్చింది. 17 కొత్త బడులు కట్టాలి, సుమారు 55 బడులను బాగుచేయాలి. ఈతకొలనులు, ప్లానెటేరియం, 25 ఎకరాల వ్యవసాయ క్షేత్రం, అనువాద సదుపాయం గల నమూనా ఐక్యరాజ్యసమితి సభామందిరం, రేడియో టెలివిజన్ స్టూడియోలు అన్నీ అందులో ఉన్నాయి.

జిల్లా తన వాటా చెల్లించలేకపోయింది. 1987లో న్యాయమూర్తి క్లార్క్ ఆస్తి పన్నును 100 డాలర్లకు 2.05 నుంచి 4 డాలర్లకు తానే పెంచుతూ ఆదేశించారు. అది చాలక, ఆ జిల్లాలో నివసించేవారి, పనిచేసేవారి ఆదాయ పన్ను మీద 1.5 శాతం అదనపు భారం కూడా వేశారు. ఈ రెండవదానిని పై కోర్టు కొట్టివేసింది. మొదటిది సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1990 ఏప్రిల్ 18న వచ్చిన ఆ తీర్పును కొంచెం ఓపికగా చూడాలి. న్యాయమూర్తి నేరుగా పన్ను వేయడం తప్పని తొమ్మండుగురూ ఒప్పుకున్నారు. స్థానిక పాలకులకు దక్కవలసిన మర్యాదను ఆయన దాటిపోయారని బైరన్ వైట్ రాసిన ప్రధాన తీర్పు అన్నది. అయితే అదే తీర్పు ఇంకొక మాట చెప్పింది. పన్ను రేటును జిల్లాయే నిర్ణయించుకొనేలా కోర్టు ఆదేశించవచ్చును. దానికి రాష్ట్ర చట్టంలోని పరిమితి అడ్డు వస్తే, రాజ్యాంగ హక్కు అమలు కోసం ఆ అడ్డును తొలగించవచ్చును. ఈ రెండవ మాట దగ్గర కోర్టు 5-4గా చీలింది. ఆంథనీ కెనడీ, ఆయనతో పాటు మరి ముగ్గురు, ఇది మాటల గారడీ అన్నారు. తాను వేసినా జిల్లా చేత వేయించినా వేసేది న్యాయమూర్తే కదా అన్నారు. ప్రజలు ఎన్నుకోని, జీవితకాలం పదవిలో ఉండే వ్యక్తి ప్రజల జేబులో చేయి పెట్టరాదన్నది వారి వాదం. పన్ను కట్టేవారు ఆ వ్యాజ్యంలో కక్షిదారులు కూడా కారు, వారి మాట వినిపించే చోటే లేదన్నది మరొక అభ్యంతరం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టున్నదని వారి భావం.

ఈ వాదాన్ని మేము తేలికగా తీసిపారేయము. ప్రాతినిధ్యం లేని పన్ను చెల్లదన్న నినాదంతోనే ఆ దేశం పుట్టింది. మన రాజ్యాంగం 265వ అధికరణం కూడా చట్టం అధికారం లేనిదే ఏ పన్నూ విధించరాదంటుంది. ఆ చట్టం చేసేది చట్టసభే. జకాతును పైసా పైసా లెక్క చూసి తీసే మనకు, ఎవరి సొమ్ము ఎవరి ఆజ్ఞతో ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న చిన్నదిగా తోచరాదు.

ఆ తీర్పు తరువాతనే సవరణ ఉద్యమం ఊపందుకున్నది. ఫెడరల్ కోర్టులు ఏ రాష్ట్రాన్నీ, దానిలోని ఏ స్థానిక సంస్థనూ పన్ను విధించమని గానీ పెంచమని గానీ ఆదేశించరాదన్నది దాని సారాంశం. మిస్సోరి మొదలుకొని పలు రాష్ట్రాల చట్టసభలు కాంగ్రెస్‌ను కోరుతూ తీర్మానాలు చేశాయి. అమెరికా రాజ్యాంగ సవరణకు రెండు సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. అది అంత దూరం నడవలేదు. సాధారణ చట్టంతోనైనా న్యాయమూర్తుల చేతులు కట్టాలని 1998లో ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది కానీ అది చట్టం కాలేదు.

ఇక్కడ మాకు ఒక చరిత్ర గుర్తుకు వస్తున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇల్లినాయ్, అయోవా వంటి రాష్ట్రాల్లోని పట్టణాలు రైలు మార్గాల కోసం బాండ్లు అమ్మి అప్పులు చేశాయి. తీర్చలేక చేతులెత్తేశాయి. ఇల్లినాయ్‌లోని క్విన్సీ పట్టణం విషయంలో, అప్పు చేసిన తరువాత పట్టణపు పన్ను అధికారానికి రాష్ట్రం పరిమితి పెట్టింది. బాండ్లు కొన్నవారు కోర్టుకు వెళ్లారు. ఆ పరిమితి చెల్లదనీ, పన్ను వేసి అప్పు తీర్చమనీ 1867లో సుప్రీంకోర్టు మాండమస్ ఉత్తర్వుకు దారి తెరిచింది. అయోవాలోని ఒక కౌంటీలో అధికారులు కోర్టు మాట వినకపోతే, ఆ రాష్ట్ర చట్టాన్నే ఆధారం చేసుకొని ఫెడరల్ మార్షల్ చేతనే పన్ను వేయించి వసూలు చేయించడానికి 1869లో అనుమతించింది. తరువాత 1874లో విస్కాన్సిన్ వ్యాజ్యంలో కోర్టు కొంత వెనక్కు తగ్గినా, పాలకుల చేత పన్ను వేయించే ఆజ్ఞ మాత్రం చెల్లుబాటులోనే ఉండిపోయింది. బాండ్ల యజమానికి రావలసిన బాకీ కోసం న్యాయస్థానం పన్ను వేయించినప్పుడు దానిని ఆపడానికి రాజ్యాంగ సవరణ తెమ్మని రాష్ట్రాలు వరుసకట్టలేదు. నల్ల పిల్లకు రావలసిన బాకీ దగ్గరకు వచ్చేసరికి అది నియంతృత్వమైంది. ఆ ఉద్యమంలోని ప్రతి ఒక్కరి మనసులో ద్వేషం ఉన్నదని మేము అనము. కానీ సూత్రం ఎప్పుడు మేలుకొన్నదో చూడకుండా సూత్రాన్ని మాత్రమే తూచడం సరికాదు.

అయితే కేన్సస్ సిటీ కథలో మనకు చేదుగా ఉండే భాగం కూడా ఉన్నది. దానిని దాచి చెప్పడం మనకే నష్టం. పన్నెండేళ్ల కాలంలో ఆ బడుల మీద సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆశించినంతగా తెల్ల పిల్లలు రాలేదు. ఆశించినంతగా నల్ల పిల్లల మార్కులు పెరగలేదు. 1995లో వ్యాజ్యం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది. శివారు పిల్లలను ఆకర్షించడం కోసం జీతాలు పెంచమనడం జిల్లాలో జరిగిన తప్పు పరిధిని మించిందని 5-4తో తీర్పు వచ్చింది. ఆ కోర్టులోని ఏకైక నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ విడిగా రాస్తూ, నల్ల పిల్లలు ఎక్కువగా ఉన్న బడి తక్కువదే అయి ఉంటుందనే ఊహను తప్పుపట్టారు. ఆయన తీర్పులు చాలావాటితో మాకు పొత్తు కుదరదు. కానీ ఈ మాట మన చెవిన పడవలసినదే. తెల్లవారి పిల్లలు పక్కన కూర్చుంటే తప్ప నల్ల పిల్లలు బాగుపడరన్నట్టు ప్రణాళిక వేశారు. నల్ల తల్లిదండ్రులలోనే కొందరు, మా బడికి మంచి పంతులు కావాలి, ప్లానెటేరియం కాదు అనుకునే స్థితి వచ్చింది. 2000లో ఆ జిల్లా రాష్ట్ర గుర్తింపునే కోల్పోయింది.

దీని నుంచి కోర్టులకు అధికారం ఉండరాదని కొందరు తేలుస్తారు. మేము అలా తేల్చము. ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో కోర్టు అడిగినది మూసిన తలుపు తెరవమని మాత్రమే. కేన్సస్ సిటీలో కోర్టు బడిని తన తలలో కట్టి, దాని ధరను ఊరి మీద వేసింది. మొదటి అధికారం తీసివేస్తే అల్పసంఖ్యాకుడు అధిసంఖ్యాకుల దయ మీద పడతాడు. రెండవదానిని హద్దు లేకుండా వదిలితే ఖర్చు పెట్టినవారికి కోపం, పొందినవారికి భవనాలు మిగులుతాయి. అందువల్ల సవరణవాదులు అడిగిన సంపూర్ణ నిషేధాన్ని మేము వ్యతిరేకిస్తాము. 1990 తీర్పు గీసిన గీత ఎంత సన్ననిదైనా అదే మంచిదంటాము. ప్రభుత్వం తన చేత్తో తన బాధ్యత తీర్చాలి, తీర్చేదాకా కోర్టు దాని చేయి వదలరాదు.

ఇప్పుడు మన దేశం. ఇక్కడ కోర్టు పన్ను వేసిందన్న మాట మనం వినము. దానికి ఒక కారణం రాజ్యాంగంలోనే ఉన్నది, దానిని మన కార్యకర్తలు తగినంతగా గమనించలేదని మా అభిప్రాయం. 202వ అధికరణంలో రాష్ట్ర సంచిత నిధి మీద నేరుగా పడే ఖర్చుల జాబితా ఉన్నది. న్యాయస్థానం తీర్పు, డిక్రీ ప్రకారం చెల్లించవలసిన మొత్తాలు ఆ జాబితాలో ఉన్నాయి. 203 ప్రకారం వాటిని శాసనసభ చర్చించవచ్చును కానీ ఓటుకు పెట్టదు. అంటే తీర్పులో మొత్తం తేలితే, అధిసంఖ్యాకుల ఓటుతో దానిని ఆపే వీలు లేదు. కేన్సస్ సిటీ ఓటర్లకు ఉన్న ఆ తాళంచెవి ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు.

డబ్బు లేదన్న సాకును మన సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువలు కట్టడానికి నిధులు లేవని మునిసిపాలిటీ వాదించినప్పుడు, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు ప్రాథమిక బాధ్యతను రద్దు చేయదన్నారు. 1993లో అఖిల భారత ఇమాముల సంఘం వేసిన వ్యాజ్యంలో, ఇమాములకు వేతనం ఇవ్వడానికి వక్ఫ్ బోర్డుల ఆర్థిక ఇబ్బంది అడ్డు కాదని కోర్టు చెప్పి, ఆరు నెలల్లో పథకం తయారు చేయమన్నది. కానీ అక్కడ తేలినది పథకం, మొత్తం కాదు. భారం పడినదీ ప్రభుత్వ ఖజానా మీద కాదు, ఆక్రమణలతో ఆదాయం పోగొట్టుకున్న వక్ఫ్ బోర్డుల మీద. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇమాములకు, మౌజన్లకు ఇచ్చే గౌరవ వేతనం ప్రభుత్వాలు తమంతట ప్రకటించినది. ప్రకటనతో వచ్చినది ప్రకటన లేకుండానే ఆగిపోగలదు. అది నెలల తరబడి ఆలస్యమవుతుందని ఇమాములు చెప్పడం మనకు కొత్త కాదు.

గుజరాత్ విషయం ఇంకా కఠినమైనది. 2002 మారణకాండలో ధ్వంసమైన మసీదులు, దర్గాల మరమ్మతుకు రాష్ట్రం పరిహారం ఇవ్వాలని 2012లో గుజరాత్ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం తన రక్షణ బాధ్యతలో విఫలమైంది కనుక ఖర్చు దానిదే అన్నది ఆ తీర్పు. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లి 27వ అధికరణాన్ని ముందుకు తెచ్చింది. ఏ మతాన్నైనా పోషించడానికే కేటాయించిన పన్ను కట్టమని పౌరుణ్ణి బలవంతపెట్టరాదని ఆ అధికరణం చెబుతుంది. కూలగొట్టినదాన్ని కట్టివ్వడం మతపోషణ ఎట్లా అవుతుందని మనం అడుగుతాము. పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే 27 ఉల్లంఘన అవుతుందని హజ్ సబ్సిడీ వ్యాజ్యంలో 2011లో సుప్రీంకోర్టే చెప్పి ఉన్నది కూడా. అయినా 2017 ఆగస్టులో హైకోర్టు ఆదేశం రద్దయింది. గరిష్ఠంగా 50 వేల రూపాయలు, షరతులతో ఇచ్చే రాష్ట్ర పథకం చాలునన్నారు. మిస్సోరిలో పన్ను చెల్లింపుదారుడి పేరిట వినిపించిన వాదమే గుజరాత్‌లో మత తటస్థత పేరిట వినిపించింది. తప్పు ఎవరు చేశారన్న ప్రశ్న మీద నుంచి చూపు మళ్లి, ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న మీద నిలిచిపోయింది. రెండు చోట్లా జరిగిన కీడు అదే.

కాబట్టి మన వ్యాజ్యాల తీరు గురించి కొన్ని మాటలు. ఉర్దూ మాధ్యమ బడిలో ఉపాధ్యాయ ఖాళీలు, ఆగిన స్కాలర్‌షిప్పులు, హాస్టల్ భవనాలు, ఏ విషయమైనా మన పిటిషన్లు సాధారణంగా ‘తగు చర్యలు తీసుకొనేలా ఆదేశించండి’ అని ముగుస్తాయి. కోర్టు ‘పరిశీలించండి’ అంటుంది. అధికారి పరిశీలించి నిధులు లేవని రాస్తాడు. ఆ కాగితం పట్టుకొని మనం మళ్లీ కోర్టు మెట్లెక్కుతాము. ఇకపై అడిగేటప్పుడు మొత్తం అడగాలి. ఎంతమంది విద్యార్థులకు, ఏ సంవత్సరాలకు, ఎంత బకాయి అన్నది సమాచార హక్కు ద్వారా ముందే తెప్పించి పిటిషన్‌కు జతచేయాలి. బడ్జెట్‌లో కేటాయించినది ఎంత, విడుదల చేసినది ఎంత, ఖర్చయినది ఎంత అన్న మూడు అంకెలు పక్కపక్కన పెడితే, డబ్బు లేదన్న మాట చాలా సందర్భాల్లో ప్రభుత్వ లెక్కలలోనే వీగిపోతుంది.

దానితో పాటు కేన్సస్ సిటీ తల్లిదండ్రులను ఎవరూ అడగని ప్రశ్న మనం మన వాళ్లను అడగాలి. ఈ మొహల్లా బడికి నిజంగా కావలసినది ఏమిటి? ఆడపిల్లలకు మరుగుదొడ్డా, గణితం చెప్పే ఉపాధ్యాయుడా, సాయంత్రం బస్సా? ఆ జాబితా న్యాయవాది గదిలో తయారు కారాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం అమల్లోకి వచ్చింది. దళిత సంఘాలు ఏళ్ల తరబడి బడ్జెట్ పుస్తకాలు చదివి, మళ్లించిన నిధుల లెక్క తీసి చూపితే వచ్చిన చట్టమది. మైనారిటీల నిధులకూ అటువంటి రక్షణ అడిగేవారు ముందు ఆ పుస్తకాలు తెరవాలి. ఈ సభ ముగిసిన తరువాత ప్రతి జిల్లా నుంచి ఇద్దరు ఉండిపోవలసిందిగా కోరుతున్నాము. గత మూడు సంవత్సరాల మైనారిటీ సంక్షేమ పద్దుల ప్రతులు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి. మీ జిల్లాకు సంబంధించిన సమాచార హక్కు దరఖాస్తులు ఈ సాయంత్రమే రాసి, సంతకాలు చేసి తీసుకువెళ్లండి.